టెక్కలి నీలం రాయి మీద జవాన్ల పేర్లు: ఏ పలక, ఎంత లోతు, ఎక్కడ చెడుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊళ్లో అమరవీరుల స్థూపం మాట ఎత్తినా "టెక్కలి నీలం వేయించేద్దాం" అన్న మాటే ముందు వస్తుంది. అందులో తప్పేమీ లేదు. అది మన నేల రాయి. వైజాగ్ బ్లూ అన్న పేరుతో ఓడలెక్కి యూరప్ వెళ్లి, అక్కడి సమాధుల మీద వానకూ మంచుకూ ఓర్చి నిలబడుతోంది. మన జవాను పేరు మన రాతి మీదే ఉండాలనుకోవడం న్యాయమైన కోరిక. అయితే స్థూపం నిలబెట్టే రాయికి కావలసిన గుణాలు వేరు, పేరు చెక్కే రాయికి కావలసిన గుణాలు వేరు. రెండూ ఒకటే అనుకుని ఆర్డరిచ్చిన చోట స్థూపం చెక్కుచెదరదు గాని, నాలుగు వానాకాలాలు గడిచేసరికి దాని మీద ఎవరి పేర్లున్నాయో వేలితో తడిమి చదువుకోవలసి వస్తుంది.

ముందే తీర్పు చెప్పేస్తే, దిమ్మెకు, మెట్లకు, స్తంభానికి టెక్కలి నీలాన్ని మించింది ఈ చుట్టుపక్కల లేదు. పేర్ల పలకకు మాత్రం చారలు తక్కువున్న పలకను ఏరి తెచ్చుకోగలిగితేనే నీలం, లేకపోతే నల్ల గ్రానైటు. అక్షరాలు చెక్కే పనికి గ్రానైటు షెడ్లకు ఇవ్వగలిగింది సగం మార్కులే. ఇంగ్లీషు అక్షరాలు చక్కగా తీస్తారు. తెలుగు దగ్గరికొచ్చేసరికి వత్తులు విరుగుతాయి, సున్నాలు పూడిపోతాయి. ఆ తప్పు చాలాసార్లు రాతి దాకా రాకముందే, కంప్యూటర్ ఫైలులోనే పుడుతుంది.

బొబ్బిలి యుద్ధ స్తంభం ముందు కాసేపు నిలబడితే ఈ పనిలో ఏది ముఖ్యమో తెలుస్తుంది. 1757 జనవరి 24న ఆ కోట దగ్గర జరిగిన యుద్ధం వల్ల ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో మనం తలచుకునేది రంగారావును, మల్లమ్మదేవిని, తాండ్ర పాపారాయుణ్ణి, ఇంకో ఒకరిద్దరిని. కోట గోడల మీద నిలబడి పోరాడిన మామూలు మనుషుల పేర్లు మన దాకా రాలేదు. స్తంభం యుద్ధాన్ని గుర్తుచేస్తుంది. మనిషి గుర్తుండాలంటే పేరు ఉండాలి. అందుకే ఊరి కమిటీ చేతిలో ఉన్న డబ్బు ముందు పేర్ల మీద పెట్టాలి. స్తంభం ఎత్తు, తుపాకీ బొమ్మ, లైట్లు, గొలుసులు ఆ తరవాత. పది అడుగుల స్తంభం తొమ్మిది అడుగులైతే ఎవరికీ నష్టం లేదు. 3 మిల్లీమీటర్లు దిగాల్సిన అక్షరం ఒక మిల్లీమీటరే దిగితే నష్టమే.

ఇక రాయి. వ్యాపారంలో గ్రానైటు అంటున్నా ఇది నిజానికి నైస్ (gneiss) జాతి రాయి. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మడతలు పడ్డది. దాని అందమంతా ఆ మడతల్లోనే ఉంది. బూడిద కలిసిన నీలం మీద తెల్లటి, నల్లటి అలలు పరుగెడుతుంటాయి, అక్కడక్కడ ఎర్రటి చుక్కలు మెరుస్తాయి. స్తంభం మీద ఆ అల చూడముచ్చటగా ఉంటుంది. అదే అల మీద అంగుళం అక్షరం చెక్కితే కంటికి గీత ఏదో, గుణింతం ఏదో తెలియదు. పైగా నీలం రాయిని పాలిష్ పట్టిన చోటుకూ చెక్కిన చోటుకూ రంగు తేడా తక్కువ. చెక్కిన గాడి లేత బూడిద రంగులో ఉంటుంది, చుట్టూ ఉన్న రాయి కాస్త ముదురు బూడిద, అంతే. నల్ల రాయి మీదైతే ఇదే గాడి రంగు వేయకుండానే తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నీలమే కావాలని పట్టుబట్టే ఊళ్లకు ఒక దారుంది. టెక్కలి వైపు పాలిషింగ్ యూనిట్లకు స్వయంగా వెళ్లి, వరసగా నిలబెట్టిన పలకల్లో రేణువులు సన్నగా ఉన్నవి, అల దాదాపు కనిపించనివి ఏరుకోవాలి. ఫోనులో ఫోటో చూసి ఆర్డరివ్వొద్దు. పలకను ఎండలోకి తెప్పించి, పేరును అసలు సైజులో ప్రింటు తీసిన కాగితాన్ని దాని మీద అంటించి, ఆరడుగుల దూరం నుంచి చూడండి. కాగితం మీది అక్షరం కంటే పక్కనున్న చారే ముందు కంటికి ఆనితే ఆ పలక పేర్లకు పనికిరాదు. దిమ్మెకు వాడుకోవచ్చు.

ఏరిన పలకకు మూడు పరీక్షలు చాలు. బకెట్ నీళ్లు ధారగా పోసి పది నిమిషాలు ఆగితే, మిగతా పలకంతా ఆరిపోయాక కూడా ఒక వెంట్రుకంత గీత తడిగా మిగిలిందంటే అక్కడ పగులు ఉన్నట్టే. చిన్న సుత్తితో అక్కడక్కడ తడితే ఖంగుమనాలి, బొదబొదమంటే వదిలేయండి. పలకను వెనక్కి తిప్పి చూడండి, ఫైబర్ వల అంటించి ఉంటే ఆ పలక బలహీనమైనదని, విరక్కుండా వల వేశారని అర్థం. వంటింటి గట్టుకు అది నడుస్తుంది. ఆరుబయట గోడకు నిలబెట్టే పలకకు నడవదు, ఎందుకంటే ఆ వల మీద పూసిన జిగురుకు సిమెంటు సరిగ్గా పట్టదు. గోధుమరంగు చుక్కలున్న పలకలనూ పక్కన పెట్టాలి. రాతిలో ఉన్న ఇనుము వానకు తడిసి తుప్పుమరకగా కిందికి కారుతుంది, కిందనున్న పేరు మీదుగా.

నల్ల గ్రానైటు తీసుకునేటప్పుడు రంగు వేసిన రాయి కాదని తేల్చుకోవాలి. తెల్ల గుడ్డను థిన్నర్‌లో ముంచి గట్టిగా రుద్దితే గుడ్డకు నలుపు అంటకూడదు. అంటిందంటే బూడిద రాయికి నల్లరంగు పట్టించారు, రెండు ఎండాకాలాలకే వెలిసిపోతుంది. చీమకుర్తి గెలాక్సీ పేరుగొప్ప రాయే, కాని దానిలో మెరిసే చుక్కలు చిన్న అక్షరాన్ని మింగేస్తాయి. చుక్క లేని నలుపు కావాలి. తెల్ల పాలరాయి అసలు వద్దు. పక్షి రెట్ట, నిమ్మరసం, కొబ్బరినీళ్లు, ఏ పులుపు తగిలినా దాని మెరుగు పోతుంది. మన తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైటు ఉలికి సులువుగా లొంగుతుంది గాని సముద్రపు గాలికి పొరలు విడుస్తుంది. కోణార్క్ ఆలయం ఆ రాతిదే, అక్కడి శిల్పాల ముఖాలు అరిగిన తీరు చూసినవాళ్లెవరూ పేర్లకు ఆ రాయి వాడరు.

మందం దగ్గర షెడ్డువాళ్లు దాదాపు ఎప్పుడూ 18 నుంచి 20 మిల్లీమీటర్ల పలకే చూపిస్తారు, ఇళ్లకు అమ్మేది అదే కాబట్టి. పేర్ల పలకకు 30 మిల్లీమీటర్లు అడగండి. చెక్కడానికి 3 పోతుంది, అంచులో పిన్ను రంధ్రానికి రెండు వైపులా రాయి మిగలాలి, 20 మిల్లీమీటర్ల పలకలో ఆ చోటు లేదు. బరువు లెక్క సులువే. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు 5 కిలోలు, 30 అయితే 7.5 కిలోలు. ఏకరాతి స్తంభమైతే ఘనపుటడుగుకు సుమారు 76 కిలోలు వేసుకోండి. అడుగున్నర చదరంతో 9 అడుగుల స్తంభం అంటే టన్నున్నర. దాన్ని చేతులతో, మోకులతో నిలబెట్టే సాహసం చేయకండి, హైడ్రా క్రేను పిలిపించండి. హైడ్రా వచ్చి నిలబడేంత చోటు, దాని బరువు మోసే నేల ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది అక్షరం మీద.

వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం ఉంది. 1982లో కట్టారు. ఆ నల్లరాయి బెంగళూరు వైపు నుంచి వెళ్లిందే. 58 వేలకు పైగా పేర్లున్నాయి. ఒక్కో అక్షరం ఎత్తు పదమూడున్నర మిల్లీమీటర్లు, లోతు అర మిల్లీమీటరు కూడా లేదు. అయినా చదవగలుగుతున్నారు. నల్ల అద్దం లాంటి పాలిష్ మీద లేత బూడిద గీత, పైగా అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలు. వాటికి కింద వత్తు లేదు, పైన గుడి లేదు. మన షెడ్లలో చాలామంది చేతికి ఆ కొలతలే అలవాటు. తెలుగుకు అవి కుదరవు.

కూర్మారావు అన్న పేరునే తీసుకోండి. శ్రీకూర్మం చుట్టుపక్కల ఇంటింటా ఉండే పేరు. కొమ్ముదీర్ఘం ఒక పక్కకు సాగుతుంది, 'ర' మీద దీర్ఘం కూర్చుంటుంది, దాని కింద 'మ' వత్తు వేలాడుతుంది. ఆ వత్తు అక్షరం ఒంటిలో సగం కూడా ఉండదు. బ్లాస్టింగ్ పద్ధతిలో రాతి మీద రబ్బరు స్టిక్కరు అంటించి, అక్షరం ఉన్న మేర కోసి తీసేసి, గాలి ఒత్తిడితో నూక లాంటి పొడిని కొడతారు. రబ్బరు ఉన్నచోట రాయి మిగులుతుంది, లేనిచోట అరుగుతుంది. వత్తు మలుపులో మిగిలిన రబ్బరు తునక రెండు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే ఆ గాలికి లేచిపోతుంది. అప్పుడు వత్తు వత్తులా ఉండదు, చిన్న గుంట పడుతుంది. సింహాచలం అన్న పేరులో సున్నాలు రెండు. సున్న లోపలి గుండ్రటి రబ్బరు ముక్క దేనికీ అంటుకోకుండా ఒంటరిగా ఉంటుంది, ముందు ఎగిరేది అదే. జగన్నాథంలో 'థ' లోపలి చుక్క దీనికి తిరగబడ్డ కథ. చుక్క మరీ చిన్నదైతే పొడి లోపలికి దిగదు, రాయి చెక్కుడు పడదు, జగన్నాథం కాస్తా జగన్నాధం అవుతాడు. వాళ్లమ్మ వచ్చి చూసేది ఆ రాతినే.

కాబట్టి కొలత చెప్పేటప్పుడు అక్షరం మొత్తం ఎత్తు చెప్పకండి. గుడులూ వత్తులూ వదిలేసి అక్షరం ఒళ్లు ఎంతో చెప్పండి. పేరు వరుసకు ఒళ్లు 25 మిల్లీమీటర్లు, గీత మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా. లోతు రెండున్నర నుంచి 3. గీత వెడల్పు కంటే లోతు ఎక్కువైతే లోపల మట్టి చేరి కడిగినా పోదు. వరుసకూ వరుసకూ మధ్య దూరం అక్షరం ఒంటికి రెండున్నర రెట్లు వదలాలి, లేకపోతే పై పేరు వత్తు వచ్చి కింది పేరు గుడికి తగులుతుంది. గీతల మందం అంతా ఒకే తీరుగా ఉండే ఫాంటు ఎంచుకోండి. నోటో సాన్స్ తెలుగు లాంటిది మధ్యస్థ మందంలో బాగా వస్తుంది. రామభద్ర శీర్షికకు బాగుంటుంది, పేర్లకు వద్దు, దాని బొద్దు గీతల మధ్య సందు చాలదు. పెళ్లి శుభలేఖల్లో వాడే ఒంపుల ఫాంట్లు చూడటానికి ముచ్చటే, రాతి మీద మాత్రం సన్నగీత దగ్గర పెచ్చు లేస్తుంది.

ఫైలు సంగతి. మన డీటీపీ షాపుల్లో ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు. ఆ ఫైలును ఉన్నదున్నట్టు షెడ్డుకు పంపితే, వాళ్ల స్టిక్కరు కోసే మెషీన్ దగ్గరి కంప్యూటర్లో ఆ ఫాంటు ఉండదు. అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారితే ఇంకా నయం, ఎవరికైనా తెలుస్తుంది. ఒక్క వత్తు మాత్రమే పక్కకు జరిగితే తెలుగు చదవని కుర్రాడు దాన్ని అలాగే కోసేస్తాడు. అందుకని కోరల్‌డ్రాలో అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని ఉత్త గీతలుగా, మార్చి, దానితో పాటు పీడీఎఫ్ కూడా ఇవ్వమని డీటీపీ షాపుకు గట్టిగా చెప్పండి. షెడ్డులో స్టిక్కరు రాతికి అంటించాక, బ్లాస్టింగ్ మొదలెట్టకముందు ఒకరు వెళ్లి పేరు పేరునా చదవాలి. తప్పు దొరికితే ఆ క్షణం దాకా పోయేది ఒక స్టిక్కరు ముక్కే. ఆ తరవాత పోయేది పలక.

చేతి ఉలి పని ఇంకా బతికే ఉంది. మంచి శిల్పి దొరికితే బ్లాస్టింగ్ కంటే అదే మేలు, గాడి లోపల అంచులు వాలుగా దిగి నీడ పడుతుంది, నీలం రాతి మీద కూడా పేరు తేటగా కనిపిస్తుంది. కాకపోతే రోజుకు తెమిలే అక్షరాలు తక్కువ, ఖర్చు ఎక్కువ. పేర్లు పది లోపే ఉన్న ఊరు ఈ దారే పట్టాలని గట్టిగా చెబుతాం. లేజర్ పని నల్లరాయి మీద ఫోటోలకు బాగుంటుంది గాని అది పై పాలిష్‌నే గీస్తుంది. దాన్నే నమ్ముకుని పేర్లు వేయకూడదు. ఇత్తడి అక్షరాలు అంటించే పని వద్దే వద్దు, అవి ఊడతాయి, ఊడదీసుకుని పోతారు కూడా.

రంగు విషయానికొస్తే, నల్లరాయి మీద ఏ రంగూ వేయొద్దు. ఎనామిల్ ఎండకు పెచ్చులూడుతుంది, సగం ఊడిన పేరు ఏ రంగూ లేని పేరు కంటే చూడటానికి బాధగా ఉంటుంది. డబ్బాల్లో దొరికే బంగారు రంగులో ఉండేది రాగి కలిసిన పొడి, ఏడాదికల్లా పచ్చబడి నల్లబడుతుంది. నీలం రాయి మీద రంగు తప్పదనుకుంటే రాతి పనికని అమ్మే తెలుపు లేదా నలుపు రంగే గాడి లోపల మాత్రం వేయించి, ఐదారేళ్లకోసారి మళ్లీ వేయించడానికి సిద్ధపడండి.

పేర్ల జాబితా మీద కమిటీలో గొడవ రావడం సహజం, రాయి కొనకముందే రావడం మంచిది. ఎవరెవరి పేర్లు ఉండాలో కాగితం మీద రాసుకోండి. సైన్యం మాత్రమేనా, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ కూడానా, యుద్ధంలోనే పోయినవాళ్లా, డ్యూటీలో పోయిన అందరూనా. ఊరి స్థూపం మీద అందరూ ఉండాలన్నదే మా అభిప్రాయం. హోదా, దళం, తేదీ వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సరిచూసుకోవాలి. పేరు స్పెల్లింగు మాత్రం ఇంటివాళ్ల నోటి నుంచే రావాలి, ఎందుకంటే సర్వీసు కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషులో పేడాడ అన్న ఇంటిపేరు చూసి తెలియనివాళ్లు పెదాద అని రాయగలరు, కూనను కున చేయగలరు. తెలుగు ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్లి, పెద్దవాళ్ల చేత చదివించి సంతకం తీసుకోండి.

వరుస ఎలా పెట్టాలన్నది ఇంకో చిక్కు. 1917లో ఏర్పడ్డ కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ మొదటి నుంచీ ఒకే నియమం పట్టుకుంది, అధికారికైనా సిపాయికైనా ఒకే కొలత రాయి. 813 మిల్లీమీటర్ల ఎత్తు, 381 వెడల్పు, 76 మందం. మన ఊరికీ అదే న్యాయం. సుబేదారు పేరు పెద్దక్షరాల్లో, సిపాయి పేరు చిన్నక్షరాల్లో వేయొద్దు. తేదీ వరుసలో పెడితే కొత్త పేరు చివర చేర్చుకోవచ్చు, అక్షరక్రమం పెడితే ఆ వీలు ఉండదు.

ఇక్కడే పెద్ద పలక మీద అందరి పేర్లూ ఒకేసారి చెక్కించే అలవాటు మానుకోవాలి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో త్యాగ చక్ర గోడల మీద ఒక్కో అమరుడికి ఒక్కో గ్రానైటు పలక. ఊరి స్థూపానికి ఇంతకంటే తెలివైన పద్ధతి లేదు. 18 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు అంటే సరిగ్గా ఒక చదరపు అడుగు, ఏడున్నర కిలోలు, ఒక మనిషి మోయగలడు. పై వరుసలో పేరు, కింద 18 మిల్లీమీటర్ల అక్షరాల్లో హోదా, దళం, సంవత్సరం. ఒక పేరులో తప్పు దొర్లితే ఆ ఒక్క పలక మారుతుంది. పగిలితే ఆ ఒక్కటే మారుతుంది.

మూడు సింహాల ముద్ర చెక్కిస్తామని షెడ్డువాళ్లే ముందుకొస్తారు. వద్దని చెప్పండి. 2005 నాటి చట్టం ప్రకారం జాతీయ చిహ్నాన్ని అనుమతి లేకుండా వాడకూడదు. ప్రారంభోత్సవ శిలాఫలకం విషయంలో మొహమాటపడొద్దు. అతిథుల పేర్లు ఉండాలంటే ఉండనివ్వండి, దిమ్మె వెనక వైపు, వేరే పలక మీద, జవాన్ల పేర్ల కంటే చిన్న అక్షరాల్లో. ముందు వైపు ఆ పేర్లకు చోటు లేదు.

బిగింపు దగ్గర జరిగే తప్పు ఎక్కడ చూసినా ఒకటే. మేస్త్రి పలక వెనక ఐదుచోట్ల సిమెంటు ముద్దలు పెట్టి గోడకు అదిమేస్తాడు. ముద్దల మధ్య ఖాళీలోకి వాన నీరు చేరుతుంది, సిమెంటులోని సున్నాన్ని, ఇసుకలోని ఉప్పును మోసుకుంటూ బయటికొస్తుంది, పలక అంచుల్లో తెల్లటి పూత కడుతుంది. తరవాత పలక వదులవుతుంది. రూపాయి బిళ్లతో తట్టి చూస్తే డొల్ల ఎక్కడుందో చెవికి తెలుస్తుంది. పేర్ల పలకలు కింద స్టెయిన్‌లెస్ స్టీల్ యాంగిల్ మీద కూర్చుని, పైన అంచులో రెండు స్టెయిన్‌లెస్ పిన్నులతో ఆగాలి. సముద్రానికి దగ్గరున్న సోంపేట, కవిటి, కళింగపట్నం, భోగాపురం లాంటి చోట్ల 316 రకం స్టీలు, లోపలి ఊళ్లకు 304 సరిపోతుంది. మామూలు ఇనుప క్లిప్పులు పెడితే తుప్పు పట్టి కొన్ని రెట్లు ఉబ్బి రాతి మూలను పగలగొడతాయి. పలకకూ పలకకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి, రాతి పనికి వాడే సిలికాన్ నింపాలి. కిటికీ అద్దాలకు వాడే చవక సిలికాన్ నూనె వదిలి అంచు పొడవునా మరక చేస్తుంది. ఇసుక నాగావళిదో వంశధారదో కావాలి, తీరం దగ్గరి ఉప్పుటేరు ఇసుక కాదు.

స్తంభం నిలిచేది పునాదిలో. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి చెట్లను ఏం చేసిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. గాలి భారానికి ఐఎస్ 875 ప్రమాణం విశాఖపట్నానికి వేసే లెక్క సెకనుకు 50 మీటర్లు, ఇంజినీరు చేత ఆ లెక్కకే గీయించండి. దిమ్మె కాంక్రీటులోకీ స్తంభం అడుగులోకీ చెరో అడుగు దిగేలా 25 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీలు, ఎపాక్సీ జిగురుతో బిగించాలి. దిమ్మె పైభాగం బల్లపరుపుగా వదలకండి, నీళ్లు జారేలా వాలు, అంచు కింద నీటిచుక్క తెగేలా సన్న గాడి. ఈ గాడి లేకపోతే దిమ్మె మీది మురికి నీళ్లు నేరుగా పేర్ల మీదికే కారతాయి.

చోటు గురించి రెండు మాటలు. రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కూడలిలో కట్టిన స్థూపాన్ని రోడ్డు వెడల్పు చేసినప్పుడు పెకలించడం చూడలేని దృశ్యం. హైస్కూలు ఆవరణ, పంచాయతీ స్థలం మేలు. రావిచెట్టు కింద వద్దు, పైన పక్షులు, కింద వేళ్లు.

షెడ్డు ఇచ్చే కొటేషన్‌లో ధర ఒక్క ముద్దగా ఉంటే ఒప్పుకోకండి. పలక చదరపు అడుగు లెక్కన, అంచు పాలిష్ అడుగు లెక్కన, చెక్కుడు అక్షరం లెక్కన, రవాణా, హైడ్రా, బిగింపు విడివిడిగా రాయించండి. అక్షరం లెక్క దగ్గరే పేచీ. 'ర్మా' ఒక అక్షరమా, రెండా, మూడా? కొందరు వత్తునూ గుణింతాన్నీ వేరుగా లెక్కేస్తారు. పేర్ల జాబితా మొత్తం చేతిలో పెట్టి, ఎన్ని అక్షరాలుగా లెక్కించారో దాని మీదే రాయించుకోండి. లోతు ఎన్ని మిల్లీమీటర్లో కూడా బిల్లులో పడాలి. తీసుకునేటప్పుడు గాడిలో అగ్గిపుల్ల నిలబెట్టి గోటితో గుర్తుపెట్టి స్కేలు మీద చూస్తే లోతు తెలిసిపోతుంది. షెడ్ల గురించి మంచి మాట ఒకటి చెప్పాలి. జవాన్ల పేర్లని తెలిశాక చాలామంది ఆ పలకలను వేరుగా నిలబెట్టి, మళ్లీ ఒకసారి పాలిష్ పట్టి, శ్రద్ధగా పంపుతారు. వాళ్లకు కావలసింది స్పష్టమైన ఫైలు, స్పష్టమైన కొలత.

తరవాత చూసుకోవడం కష్టం కాదు. మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్, సబ్బు అవసరమైతే గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు. సిమెంటు మరకలు పోవాలని మేస్త్రులు యాసిడ్ పోస్తారు, ఆ యాసిడ్ రాతిలోని ఇనుమును లాగి పలకంతా పసుపు చేస్తుంది, అది ఇక పోదు. దీపం పెట్టాలంటే దిమ్మె ముందు నేల మీద చిన్న ఇసుక పళ్లెం ఏర్పాటు చేయండి, నూనె రాతిలోకి ఇంకితే నల్లమచ్చే. కుంకుమ, పసుపు దిమ్మెకు పెట్టండి, అక్షరాలకు పెట్టకండి. వానలకు గాడుల్లో నాచు పడుతుంది, నీడ వైపు పలకల్లో మరీ ఎక్కువ. జూలై 26 కార్గిల్ దివస్‌కు ముందొకసారి, డిసెంబరు 16 విజయ్ దివస్‌కు ముందొకసారి బడి పిల్లలకు బ్రష్‌లు ఇచ్చి కడిగిస్తే రాయి శుభ్రమవుతుంది, పేర్లు వాళ్ల నోటికొస్తాయి.

ఆర్డరిచ్చేటప్పుడే పేర్లు లేని పలకలు నాలుగు అదే బ్లాకు నుంచి కోయించి తెచ్చుకోండి. పదేళ్ల తరవాత అదే ఛాయ రాయి దొరకదు. అవి ఎప్పటికీ ఖాళీగానే ఉండిపోవాలని ఊరంతా కోరుకుంటుంది, అయినా ఉండాలి. వెనక వైపు పెయింటుతో కొలత, కోసిన తేదీ రాసి, పంచాయతీ ఆఫీసులో చెక్కముక్కల మీద నిలువుగా, గోడకు ఆనించి పెట్టండి. పడుకోబెట్టి పైన ఏదైనా పెడితే మధ్యలో పగులుతాయి.